ఏ.ఎస్. రావు: ట్రాంబే నుంచి కుషాయిగూడ దాకా

అయ్యగారి సాంబశివరావు (1914 సెప్టెంబరు 20 – 2003 అక్టోబరు 31) భారత అణుశక్తి కార్యక్రమానికి కావలసిన ఎలక్ట్రానిక్ పరికరాలను ఈ దేశంలోనే రూపొందించి, తయారు చేయించిన తొలితరం ఇంజనీరు. హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్, అంటే ఈసీఐఎల్, ఆయన నెలకొల్పిందే. లోకానికి ఏ.ఎస్. రావుగానే తెలుసు. గోదావరి డెల్టాలో పుట్టి, కాశీలో భౌతికశాస్త్రం, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివి, బొంబాయిలో అణుశాస్త్రవేత్త హోమీ భాభా దగ్గర పనిచేసి, చివరికి హైదరాబాదు శివార్లలో ఒక పరిశ్రమను నిలబెట్టారు.

ఎడిసన్ అనగానే బల్బు, మార్కోనీ అనగానే రేడియో గుర్తొస్తాయి. రావు పేరు చెబితే అలా తట్టే వస్తువు ఏదీ లేదు. ఆయన కాలానికి ఎలక్ట్రానిక్స్ ఒంటరి మనిషి పెరట్లో కూర్చుని కొత్త వస్తువు కనిపెట్టే దశ దాటిపోయింది. మన దేశానికి అప్పుడు కావలసింది ఇంకొకటి: బయటి దేశం నుంచి పెట్టెలో వచ్చే పరికరాన్ని విప్పి, అర్థం చేసుకుని, ఇక్కడ దొరికే సరుకుతో, ఇక్కడి మనుషులతో మళ్లీ కట్టగలగడం, ఒకటి కాదు, వందలకొద్దీ కట్టగలగడం. ఆ సామర్థ్యాన్ని తయారు చేసినవారిలో ఆయనది ముందు వరస.

పుట్టిన చోటు

మొగల్లు గ్రామం ఇప్పటి పశ్చిమ గోదావరి జిల్లా పాలకోడేరు మండలంలో, భీమవరానికి దగ్గర్లో ఉంది. వసిష్ఠ గోదావరికి అది పడమటి పక్క. తూర్పు పక్క కోనసీమ. నర్సాపురం రేవులో పంటు ఎక్కి సఖినేటిపల్లిలో దిగితే అక్కడి నుంచి రాజోలు, అమలాపురం దారి. పాలనా పటంలో రెండు వేరువేరు జిల్లాలే గాని ఏటికి రెండు వైపులా ఒకటే సీమ. ధవళేశ్వరం ఆనకట్ట నీళ్లే రెండు గట్లకూ పారతాయి. అవే వరిచేలు, అవే కొబ్బరితోటలు. సంబంధాలు కలుపుకోవడానికి ఏరు ఎన్నడూ అడ్డు రాలేదు.

ఈ కాస్త మేర నుంచి బయటికి వెళ్లి పేరు తెచ్చుకున్నవారు తక్కువేం కాదు. అల్లూరి సీతారామరాజు పుట్టింది విశాఖ జిల్లా పాండ్రంకిలోనైనా, తండ్రి వైపు ఊరు ఈ మొగల్లే. వైద్య పరిశోధకుడు యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. రావు వీరిద్దరి తర్వాతి తరం మనిషి. తల్లిదండ్రులు సుందరమ్మ, వెంకటాచలం.

ఆయన బాల్యంలో ఈ పల్లెల్లో కరెంటు అనే మాటే లేదు. అప్పటికి మద్రాసు నగరంలో విద్యుత్తు ఉంది. నీలగిరుల్లో పైకారా జలవిద్యుత్ కేంద్రం 1932లో మొదలైంది. గోదావరి, విశాఖ ప్రాంతాలకు చెప్పుకోదగ్గ విద్యుత్తు మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం నుంచి వచ్చింది. ఆ కేంద్రం మొదలైంది 1955లో. పల్లెపల్లెకూ స్తంభాలు పాతడం ఆ తర్వాతి రెండు దశాబ్దాల్లో సాగిన పని. ఈ తేదీలను పక్కపక్కన పెట్టి చూడాలి. మాచ్‌ఖండ్ తీగలు కోస్తా వైపు సాగుతున్న ఆ రోజుల్లోనే, లాంతరు వెలుగులో అక్షరాలు దిద్దుకున్న ఈ డెల్టా మనిషి బొంబాయిలో అణు రియాక్టరుకు కంట్రోలు పరికరాల పనిలో ఉన్నారు.

కాశీ, స్టాన్‌ఫర్డ్

బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో రావు భౌతికశాస్త్రంలో ఎంఎస్సీ చేశారు. అక్కడే కొంతకాలం పాఠాలు చెప్పారు. ఆ రోజుల్లో ఆంధ్ర ప్రాంతం నుంచి సైన్సు, ఇంజనీరింగు కోసం కాశీ బండెక్కిన కుర్రవాళ్లు చాలామందే ఉన్నారు. మాలవీయ నెలకొల్పిన ఆ విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు చదువుకు మొదటి నుంచీ పెద్దపీట.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఆయన స్టాన్‌ఫర్డ్ వెళ్లి ఎలక్ట్రికల్ ఇంజనీరింగులో మాస్టర్స్ పట్టా తీసుకున్నారు. ఆ కాలంలో ఆ చోటికున్న ప్రత్యేకత కొంచెం చెప్పుకోవాలి. క్లైస్ట్రాన్ అనే మైక్రోవేవ్ గొట్టం 1937లో అక్కడే రూపుదిద్దుకుంది. యుద్ధంలో రాడార్ల అభివృద్ధికి అదొక ఊతం. ఫ్రెడరిక్ టెర్మన్ అనే ఆచార్యుడు యుద్ధకాలపు రేడియో పరిశోధన ముగించుకుని వచ్చి 1946లో ఇంజనీరింగ్ డీన్ అయ్యాడు. ఆయన శిష్యులు హ్యూలెట్, ప్యాకార్డ్ ఇద్దరూ 1939లో పాలో ఆల్టోలో కారు షెడ్డులో మొదలుపెట్టిన కంపెనీ అప్పటికే కొలత పరికరాలు అమ్ముతోంది. ప్రొఫెసరు బల్లమీద పుట్టిన సర్క్యూటు నాలుగు వీధుల అవతల షెడ్డులో సరుకుగా మారడం ప్రపంచంలో చాలాచోట్ల ఇంకా చూడని వింత. అక్కడ మామూలు వ్యవహారం. సిలికాన్ వ్యాలీ అన్న పేరు పుట్టడానికి ఇంకా చాలా ఏళ్లుంది. రావు తర్వాతి జీవితమంతా బల్లకూ షెడ్డుకూ మధ్య దారి వేయడంలోనే గడిచింది కనుక ఈ సంగతి ఊరికే దాటేయడానికి వీల్లేదు.

ట్రాంబే

హోమీ భాభా 1945లో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ స్థాపించారు. 1954 జనవరిలో బొంబాయి శివారు ట్రాంబేలో అణుశక్తి సంస్థ మొదలైంది. భాభా మరణానంతరం 1967లో అది భాభా అణు పరిశోధన కేంద్రమైంది. రావు భాభా బృందంలో చేరి ఎలక్ట్రానిక్స్ విభాగానికి పెద్దదిక్కు అయ్యారు.

అణుశాస్త్రానికి ఎలక్ట్రానిక్స్ ఎందుకంత అవసరమో తెలియాలంటే గైగర్ గొట్టాన్ని ఒకసారి దగ్గరగా చూడాలి. లోహపు గొట్టం, మధ్యలో సన్నని తీగ, లోపల తక్కువ పీడనంలో వాయువు. గొట్టానికీ తీగకూ మధ్య కొన్ని వందల వోల్టులు పెడతారు. రేడియోధార్మిక కణం ఒకటి లోపలికి దూసుకొస్తే వాయువులోని అణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడతాయి. అవి తీగవైపు పరుగెత్తుతూ దారిలో మరిన్నిటిని ఊడగొడతాయి. ఫలితంగా తీగమీద సెకనులో వెయ్యోవంతు కూడా ఉండని చిన్న విద్యుత్ స్పందన వస్తుంది. దాన్ని పెంచాలి, అనవసరపు విద్యుత్ అలికిడి నుంచి వేరుచేయాలి, లెక్కపెట్టాలి. సెకనుకు వేల స్పందనలు వస్తుంటే గడియారం ముల్లులాంటి యాంత్రిక లెక్కింపు సాధనం అందుకోలేదు. అందుకని వాల్వులతో కట్టిన సర్క్యూట్లు ఒక్కో మెట్టు దగ్గర లెక్కను సగానికి సగం తగ్గించి ముల్లుకు అందిస్తాయి. కంటికి కనపడని దాన్ని అంకెగా మార్చే ఈ పెట్టె లేకుండా యురేనియం గనిలో భూగర్భ శాస్త్రవేత్తకు గానీ, రియాక్టరు గదిలో ఇంజనీరుకు గానీ అడుగు ముందుకు పడదు.

కొనుక్కోవచ్చు కదా అంటే, విదేశీ మారకద్రవ్యం పిసరంత. దిగుమతి లైసెన్సుకు నెలలు. వచ్చిన పెట్టె పాడైతే బాగుచేసేవాడు లండన్‌లోనో చికాగోలోనో ఉంటాడు. దీనికి తోడు బొంబాయి వాన. గైగర్ గొట్టానికి పెట్టే వందల వోల్టులు చెమ్మపట్టిన ఇన్సులేషన్ మీదుగా కారిపోతే పరికరం లేని రేడియోధార్మికతను చూపిస్తుంది, ఉన్నదాన్ని దాస్తుంది. చలిదేశంలో చక్కగా నడిచిన పెట్టె ఇక్కడ ఆషాఢమాసంలో మొరాయిస్తుంది. కోనసీమ తీరాన సముద్రపు గాలి తగిలే చోట రేడియో వాడిన అంతర్వేదివాళ్లకో ఓడలరేవువాళ్లకో ఈ బాధ వేరే చెప్పక్కర్లేదు. కనుక ఇక్కడి గాలికి తట్టుకునేలా ఇక్కడే గీయాలి, ఇక్కడే కట్టాలి. రావు విభాగం ఆ పనిలో దిగింది. లెక్కింపు సాధనాలు, ఆంప్లిఫయర్లు, రేడియోధార్మికతను కొలిచే మీటర్లు ట్రాంబేలో తయారై దేశంలోని ప్రయోగశాలలకు వెళ్లడం మొదలైంది.

అప్సర

ఈ సన్నాహానికి మొదటి పెద్ద పరీక్ష అప్సర. కొలను తరహా రియాక్టరు కట్టాలని భాభా 1955లో నిర్ణయించారు. ఇంధనం బ్రిటన్ నుంచి వచ్చింది. మిగతాదంతా, ముఖ్యంగా నియంత్రణ వ్యవస్థ, ఇక్కడివాళ్ల చేతిపని. రూపకల్పన బాధ్యత మోసిన కొద్దిమందిలో రావు ఒకరు. అదే పనిలో ఉన్న ఎన్.బి. ప్రసాద్, పూర్తి పేరు నూతక్కి భానుప్రసాద్, తర్వాతి కాలంలో చమురు సంస్థ ఓఎన్‌జీసీకి ఛైర్మన్ అయ్యారు. కాలక్రమంలో నర్సాపురం, రాజోలు ప్రాంతాల్లో గ్యాసు జాడ దొరికి కోనసీమ తీరు ఎలా మారిందో అక్కడివారికి తెలిసిన కథే. ట్రాంబేలో తయారైన ఇంజనీర్లు ఎక్కడెక్కడికి చేరారో చూస్తే అదొక వేరే వ్యాసమవుతుంది.

రియాక్టరు కంట్రోలు గదిలో అసలు చిక్కు కొలత పరిధి. మొదలుపెట్టేటప్పుడు సెకనుకు కొద్దిపాటి న్యూట్రాన్లే డిటెక్టరును తాకుతాయి. పూర్తిశక్తికి చేరేసరికి ఆ సంఖ్య కోట్ల రెట్లు పెరుగుతుంది. ఒకే మీటరు, ఒకే స్కేలు ఈ రెండు కొసలనూ చూపించలేదు. మొదటి దశలో స్పందనలను ఒక్కొక్కటిగా లెక్కిస్తారు. మధ్య దశలో లాగరిథమ్ పద్ధతిలో పనిచేసే ఆంప్లిఫయర్ పది రెట్ల పెరుగుదలను ముల్లుమీద ఒక గడిగా చూపిస్తుంది. పై దశలో మామూలు విద్యుత్ ప్రవాహపు మీటరు. ఒక దశ నుంచి మరో దశకు మారేచోట ఖాళీ ఉండకూడదు. కొంతమేర రెండూ ఒకేసారి చూపాలి. వీటన్నిటికంటే కీలకం ఇంకొకటి ఉంది: శక్తి ఎంత వేగంగా పెరుగుతోందో చెప్పే సర్క్యూటు. శక్తి కొద్దిగానే ఉండి వేగం హద్దుమీరితే అప్పుడే ఆపేయాలి.

ఆపడం ఎలాగంటే, కాలవకు లాకు తలుపుల్లాగా రియాక్టరుకు నియంత్రణ కడ్డీలుంటాయి. న్యూట్రాన్లను మింగేసే లోహంతో చేసినవి. కొలను తరహా రియాక్టర్లలో వాటిని విద్యుదయస్కాంతాలు పైన పట్టుకుని ఉంటాయి. ఏ మీటరు హద్దు దాటినా అయస్కాంతానికి వెళ్లే కరెంటు తెగుతుంది, కడ్డీ తన బరువుతో తానే కిందికి జారుతుంది. ఊళ్లో కరెంటు పోయినా అంతే. ఇలాంటి వ్యవస్థలో ఒక్క సోల్డరింగు చుక్క వదులుగా ఉన్నా నష్టమే: అనవసరంగా రియాక్టరు ఆగిపోతుంది, లేదా ఆగాల్సిన వేళ ఆగదు. మొదటిది జరిగితే విసుగు. రెండోది జరగకూడదు. పరికరాల ఇంజనీరు రాత్రిళ్లు నిద్రపోకపోవడానికి కారణం ఈ రెండోదే.

1956 ఆగస్టు 4న అప్సర పనిచేయడం మొదలుపెట్టింది. సోవియట్ యూనియన్‌ను పక్కనపెడితే ఆసియాలో అదే మొదటి రియాక్టరు. శక్తి ఒక మెగావాట్. 1957 జనవరి 20న నెహ్రూ ప్రారంభించారు. నీళ్లలో కనిపించే నీలికాంతిని చూసి అప్సర అని పేరు పెట్టింది ఆయనే. తర్వాత 1960లో కెనడా సాయంతో సైరస్, 1961లో జెర్లీనా వచ్చాయి. అప్సర 2009 దాకా నడిచింది. కొత్తగా కట్టిన అప్సర-యు 2018లో మొదలైంది.

నలుగురి కమిటీ

1962లో చైనాతో యుద్ధం ఢిల్లీకి చాలా విషయాలు నేర్పింది. వాటిలో ఒకటి, సైన్యానికి కావలసిన వైర్‌లెస్ సెట్లకూ రాడార్లకూ బయటివాళ్ల మొహం చూడాల్సి రావడం. 1963 ఆగస్టులో ప్రభుత్వం ఎలక్ట్రానిక్స్ కమిటీ వేసింది. అధ్యక్షుడు భాభా. సభ్యులు విక్రమ్ సారాభాయ్, ఎస్. భగవంతం, ఏ.ఎస్. రావు. సూరి భగవంతం కృష్ణా జిల్లా ఆగిరిపల్లివారు, సి.వి. రామన్ శిష్యులు, అప్పటికి రక్షణమంత్రికి శాస్త్ర సలహాదారు. అంటే నలుగురిలో ఇద్దరు తెలుగువారు.

కమిటీ నివేదిక 1966లో బయటికొచ్చింది. ఎలక్ట్రానిక్స్‌ను ఒక పరిశ్రమగా మాత్రమే చూడకుండా రక్షణ, తంతితపాలా, అణుశక్తి, వినోదం, కంప్యూటర్లు అన్నిటికీ పునాదిగా చూడాలనీ, విడిభాగాల దగ్గర నుంచీ స్వదేశంలోనే తయారు కావాలనీ దాని సారాంశం. భాభా దాని అమలు చూడలేదు. 1966 జనవరి 24న ఆల్ప్స్‌లో మో బ్లాఁ శిఖరం మీద కూలిన ఎయిర్ ఇండియా విమానంలో ఆయన చనిపోయారు. అణుశక్తి సంఘం బాధ్యత సారాభాయ్ మీద పడింది.

ఈసీఐఎల్

1967 ఏప్రిల్ 11న హైదరాబాదులో ఈసీఐఎల్ ఏర్పడింది. ట్రాంబేలోని ఎలక్ట్రానిక్స్ ఉత్పత్తి విభాగమే దానికి విత్తనం. రావు మేనేజింగ్ డైరెక్టరుగా పగ్గాలు పట్టారు, ఛైర్మన్‌గానూ పనిచేశారు. మౌలాలి దాటాక కుషాయిగూడ వైపు అప్పట్లో బండరాళ్లు, తుప్పలే. పక్కనే అణు ఇంధన సముదాయం కూడా వచ్చింది. రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, బాలానగర్‌లో ఐడీపీఎల్, ఇంకా హెచ్ఎంటీ. నగరం చుట్టూ ప్రభుత్వ రంగ కర్మాగారాలు లేస్తున్న కాలమది. గోదావరి, కృష్ణా జిల్లాల పాలిటెక్నిక్ కుర్రాళ్లకు ఉద్యోగం అంటే హైదరాబాదు అన్న లెక్క బలపడింది అప్పుడే.

పరిశోధనశాలలో ఒక పరికరం పనిచేయడం వేరు, కర్మాగారంలో అలాంటివి వంద పనిచేయడం వేరు. ఈ తేడా బయటివారికి తెలియదు గనుక కాస్త ఆగి చెప్పుకోవాలి. ప్రయోగశాలలో ఆంప్లిఫయర్ కట్టిన ఇంజనీరు దగ్గరే దాని రహస్యాలన్నీ ఉంటాయి. ఫలానా రెసిస్టరు కాస్త ఎక్కువ తక్కువైతే ఇంకొకటి మార్చి సరిచేస్తాడు. ఏ తీగ ఏ తీగకు దూరంగా పోవాలో ఆయన చేతికి తెలుసు. కర్మాగారంలో ఆయన ఉండడు. పదో తరగతి చదివి మూణ్ణెల్లు శిక్షణ పొందిన అమ్మాయి బల్లముందు కూర్చుని బొమ్మ చూసి సోల్డరింగు చేస్తుంది. కనుక బొమ్మలో అంతా ఉండాలి: తీగ రంగు, పొడుగు, అతుకు స్థానం. వంద రెసిస్టర్లు కొంటే వాటి విలువ ఐదుపదిశాతం అటూ ఇటూగా ఉంటుంది. ఏది వేసినా పరికరం పనిచేసేలా సర్క్యూటునే మళ్లీ గీయాలి. తయారైన ప్రతి పెట్టెనూ పరీక్షించడానికి ఇంకో పరికరం కావాలి. దాన్నీ తయారు చేసుకోవాలి. వేడిగదిలో, చెమ్మగదిలో పెట్టి చూడాలి. ఆరునెలల తర్వాత తారాపూర్ అణు విద్యుత్ కేంద్రంలో ఒకటి పాడైతే దాని సీరియల్ నంబరు చూసి ఏ నెల సరుకో, ఎవరి బల్లమీదిదో చెప్పగలగాలి.

ఇదేదీ శాస్త్ర పత్రికల్లో అచ్చయ్యే పని కాదు. పేటెంటు వచ్చే పని అంతకన్నా కాదు. స్వాతంత్ర్యం వచ్చాక మన ప్రయోగశాలల్లో పుట్టిన ఎన్నో మంచి నమూనాలు అల్మారాల్లోనే ఉండిపోవడానికి కారణం ఈ మధ్యదారి లేకపోవడమే. రావు విశిష్టత ఇక్కడే ఉందని ఈ వ్యాసకర్త అభిప్రాయం. నమూనా కట్టినవారినే వెంటబెట్టుకుని ఆయన బొంబాయి నుంచి హైదరాబాదు వచ్చారు. పరిజ్ఞానాన్ని కాగితాల కట్టగా ఇంకొకరి చేతిలో పెట్టకుండా మనుషులతో సహా తరలించారు. విడిభాగాల తయారీ కూడా సంస్థలోనే పెట్టుకున్నారు. అణు విద్యుత్ కేంద్రాల నియంత్రణ పరికరాలు, భూకేంద్రాల యాంటెన్నాలు, కంప్యూటర్లు, టీవీలు ఒకే ప్రాంగణంలో తయారయ్యాయి. వ్యాపార శాస్త్రం చదివినవారు దీన్ని ఒప్పుకోరు. అన్ని రకాల సరుకు ఒకచోట చేస్తే ఏదీ చవకగా రాదంటారు. అదీ నిజమేనని తర్వాత తేలింది.

కంప్యూటరూ టీవీ

ట్రాంబేలో మొదలైన కంప్యూటరు పని ఈసీఐఎల్ చేతిలో టీడీసీ-12గా 1969లో బయటికొచ్చింది. టీడీసీ అంటే ట్రాంబే డిజిటల్ కంప్యూటర్. 12 అన్నది అది ఒక్కసారికి పట్టే వర్డ్‌లోని బిట్ల సంఖ్య. పన్నెండు బిట్లతో 4,096 వేర్వేరు విలువలు చెప్పవచ్చు. ఇవాళ్టి చేతిఫోను ముందు అది దేనికీ చాలదు. కాని ప్రయోగశాలలో పరికరాల నుంచి వచ్చే అంకెలను అందుకుని లెక్కకట్టడానికి అది సరిపోయింది. 1974లో టీడీసీ-312, 1975లో పదహారు బిట్ల టీడీసీ-316, 1978లో మైక్రోప్రాసెసరుతో మైక్రో-78 వచ్చాయి.

జనానికి ఈసీఐఎల్ పేరు తెలిసింది మాత్రం ఈసీ టీవీతో. వాల్వులు లేకుండా పూర్తిగా ట్రాన్సిస్టర్లతో పనిచేసే టీవీని దేశంలో మొదట చేసింది ఈ సంస్థే. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ఇస్రో నడిపిన సైట్ ప్రయోగంలో ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు టీవీలు అందాయి. ఆంధ్రప్రదేశ్ ఆ ఆరింటిలో ఒకటి. పంచాయతీ ఆఫీసు ముందు, బడి వరండాలో పెట్టిన ఆ సెట్లు ఈసీఐఎల్ చేసినవి. దుమ్ములో, ఎండలో, వోల్టేజి ఎగుడుదిగుళ్లలో పనిచేయాలి. కొన్నిచోట్ల కరెంటే లేదు, బ్యాటరీమీద నడవాలి. కోడిగూళ్లకు వాడే వలలాంటి తీగజాలంతో కట్టిన మూడు మీటర్ల యాంటెన్నా పైన ఉండేది. హైదరాబాదు దూరదర్శన్ 1977లో మొదలయింది. 1980ల్లో రిలే కేంద్రాలు పెరిగాక గోదావరి జిల్లాల ఇళ్లలోకీ టీవీ వచ్చింది. చెక్కపెట్టె, ముందు జరిపే తలుపులు, పైన గొడుగులాంటి లేసుగుడ్డ. శుక్రవారం సినిమా పాటల చిత్రలహరి వేళకు వీధి వీధంతా ఆ ఇంటి హాలులోనే.

విమర్శ

ఈసీఐఎల్ మీద వచ్చిన విమర్శలను దాచితే ఈ కథ సగమే అవుతుంది. 1970ల్లో చిన్న కంప్యూటర్ల తయారీకి దేశంలో దాదాపు ఆ సంస్థ ఒక్కదానికే దారి ఉండేది. దాని యంత్రాలు బయటి దేశాల్లో దొరికేవాటికంటే ఖరీదు ఎక్కువ, తరం వెనకబాటు. విడిభాగాల్లో చాలావాటిని ఎలాగూ దిగుమతి చేసుకోవాల్సి వచ్చేది. 1971లో ఏర్పడిన ఎలక్ట్రానిక్స్ కమిషన్‌కూ అణుశక్తి శాఖ నీడలోని ఈ సంస్థకూ విధానాల విషయంలో పొసగలేదు. 1970ల చివర ప్రైవేటు కంపెనీలకు తలుపులు తెరిచాక కంప్యూటర్ల బజారులో ఈసీఐఎల్ వాటా తగ్గుతూ పోయింది. టీవీల సంగతీ అంతే. కలర్ టీవీ కాలంలో అది నిలవలేకపోయింది.

ఇటువైపు తక్కెడలో పెట్టాల్సిందీ ఉంది. అదే కాలంలో ఐబీఎం బయట వాడేసిన 1401 రకం కంప్యూటర్లను తెప్పించి, బాగుచేసి, ఇక్కడ అద్దెకు తిప్పేది. ప్రభుత్వ షరతులకు ఒప్పుకోక 1978లో దేశం వదిలి వెళ్లింది. అద్దె యంత్రం మీద బటన్లు నొక్కినవాడికి లోపల ఏముందో తెలియదు. టీడీసీ మీద పనిచేసినవాడికి తెలుసు, ఎందుకంటే బొమ్మలు కిందటి గదిలోనే ఉన్నాయి, గీసినవాడు పక్క టేబులు దగ్గర ఉన్నాడు. ఆ మనుషులు తర్వాత ప్రైవేటు కంపెనీల్లోకీ, సొంత వర్క్‌షాపుల్లోకీ వెళ్లారు. కుషాయిగూడ, చర్లపల్లి చుట్టూ చిన్న ఎలక్ట్రానిక్స్ యూనిట్లు ఎలా పుట్టాయని అడిగితే జవాబు చాలావరకు అదే.

సమకాలికులూ సత్కారాలూ

అదే తరంలో విద్యుత్తు వైపు నిలిచిన తెలుగు ఇంజనీరు నార్ల తాతారావు. కృష్ణా జిల్లా కవుతరంలో 1917లో పుట్టి, రాష్ట్ర విద్యుత్ బోర్డు ఛైర్మన్‌గా పెద్ద థర్మల్ కేంద్రాలను నిలబెట్టారు. విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం కేంద్రం ఆయన పేరుతోనే ఉంది. పల్లెకు తీగ లాగినవారు ఒకరు, ఆ తీగ కొసన పనిచేసే పరికరాన్ని చేయించినవారు మరొకరు.

రావుకు 1960లో పద్మశ్రీ, 1972లో పద్మభూషణ్ వచ్చాయి. 1965లో ఇంజనీరింగ్ శాస్త్రాల విభాగంలో శాంతిస్వరూప్ భట్నాగర్ పురస్కారం అందుకున్నారు. పరిశోధకులకిచ్చే ఆ బహుమతి పరికరాల రూపకర్తకు రావడం గమనించదగ్గది. ఆయన పేరు రోజూ ఎక్కువమంది నోట పలికేది మాత్రం హైదరాబాదులో బస్సు కండక్టర్ల వల్ల. ఈసీఐఎల్ చుట్టుపక్కల ఉద్యోగుల ఇళ్లతో పెరిగిన ఏ.ఎస్. రావు నగర్ ఇప్పుడు పెద్ద వ్యాపార కూడలి. అక్కడ దిగేవారిలో ఎందరికి అది ఎవరి పేరో తెలుసన్నది వేరే మాట.

ఓటు యంత్రం

ఈసీఐఎల్ చేసిన వస్తువుల్లో కోనసీమలో వయసొచ్చిన ప్రతివారి వేలూ తాకింది ఒకటే. ఎలక్ట్రానిక్ ఓటింగ్ యంత్రం ఆలోచన 1977లో ఎన్నికల సంఘంలో పుట్టింది. నమూనా తయారీ బాధ్యత ఈసీఐఎల్‌కు అప్పగించారు. 1979లో నమూనా సిద్ధమైంది. 1980 ఆగస్టు 6న రాజకీయ పక్షాల ప్రతినిధులకు చూపించారు. తర్వాత బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ కూడా తయారీలో చేరింది. 1982 మేలో కేరళలోని పరూర్ శాసనసభ స్థానంలో 50 పోలింగ్ కేంద్రాల్లో మొదటిసారి వాడారు. చట్టంలో యంత్రం మాట లేదంటూ 1984లో సుప్రీంకోర్టు ఆ ఓటింగును కొట్టేసింది. ఆ 50 కేంద్రాల్లో కాగితపు బ్యాలెట్‌తో మళ్లీ ఓటు వేయిస్తే ఫలితమే తారుమారైంది. 1988లో చట్టం సవరించారు. 1998లో మూడు రాష్ట్రాల్లోని కొన్ని స్థానాల్లో వాడి, 2004 నాటికి దేశమంతటా లోక్‌సభ ఎన్నికలు యంత్రాలతోనే జరిపారు.

దాని నిర్మాణంలో ట్రాంబే నాటి పట్టింపులు కనిపిస్తాయి. రెండు పెట్టెలు, మధ్య ఐదు మీటర్ల తీగ. అధికారి దగ్గరి కంట్రోల్ యూనిట్ అనుమతిస్తేనే ఓటరు ముందున్న బ్యాలెట్ యూనిట్ మేలుకుంటుంది. ఒక్కో యూనిట్‌లో 16 నీలిరంగు మీటలు. ఒకటి నొక్కగానే పక్కన ఎర్రదీపం వెలిగి, కూత వినిపించి, మిగతా మీటలన్నీ మూగబోతాయి. మళ్లీ అధికారి అనుమతించేదాకా ఎంత నొక్కినా పలకవు. బయటి నెట్‌వర్క్‌తో సంబంధం లేదు. నడిచేది బ్యాటరీ మీద. గౌతమి, వసిష్ఠల మధ్య లంక గ్రామాలకు పోలింగు సిబ్బంది పడవల్లో వెళ్లేచోట, గాలివానకు తీగలు తెగి కరెంటు పోవడం మామూలైనచోట, ఈ చివరి అంశం ఎంత అవసరమో ఆ డ్యూటీ చేసిన టీచర్లనడిగితే చెబుతారు. ఓటరు తాను వేసింది ఎవరికో ఏడు సెకన్లపాటు కాగితం మీద చూసుకునే వీవీప్యాట్ 2013లో నాగాలాండ్‌లోని నోక్సెన్ ఉప ఎన్నికలో మొదలైంది. దాన్నీ ఈసీఐఎల్, భారత్ ఎలక్ట్రానిక్స్ రెండే తయారు చేస్తున్నాయి.